పిఠాపురం సీతాదేవి – పెళ్ళి నుంచి బయటపడే దారి

(రాజమహేంద్రవరంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలుస్తూ నాకు ‘విడాకులు, ఆస్తి, చట్టం’ అనే అంశం ఇచ్చారు. చట్టం గురించి మీకు నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. కౌన్సెలింగ్ సెంటర్లలో కూర్చునేదీ, కోర్టు వరండాల్లో వాయిదాల కోసం నిలబడేదీ మీరే. అందుకని ఈ విషయంలోకి ఒక మనిషి జీవితం మీదుగా వెళ్దామనుకున్నాను. ఆ మనిషిని చూసి మనలో చాలామందికి సానుభూతి కలగకపోవచ్చు. ఆమె పేదరాలు కాదు, ఉద్యమంలో పనిచేసిన మనిషీ కాదు. ఇక్కడికి రెండు గంటల ప్రయాణంలో ఉన్న పిఠాపురం రాజావారి అమ్మాయి. పేరు సీతాదేవి.

పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునే కథల్లో ఆమె కథ ఒకటి. మొగుణ్ణి వదిలేసింది, తురకల్లో కలిసింది, బరోడా మహారాజుని పట్టింది, యూరప్ వెళ్ళి వజ్రాలు వేసుకుని తిరిగింది. ఈ నాలుగు ముక్కల్లో ఆ జీవితం అయిపోతుంది. పాశ్చాత్య పత్రికలు ఆమెకు ‘ఇండియన్ వాలిస్ సింప్సన్’ అని పేరు పెట్టాయి. మనవాళ్ళు పెట్టిన పేర్లు ఇక్కడ చెప్పనక్కర్లేదు.

ముందు జీవితం సంగతులు క్లుప్తంగా చెప్పేస్తాను. సీతాదేవి 1917 మే 12న మద్రాసులో పుట్టింది. తండ్రి పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు, తల్లి చిన్నమాంబ. కృష్ణా జిల్లా ఉయ్యూరు జమీందారు ఎం.ఆర్. అప్పారావు గారికిచ్చి పెళ్ళి చేశారు. పిల్లలు పుట్టారు. 1943లో మద్రాసు గుర్రప్పందాల్లో బరోడా మహారాజా ప్రతాప్ సింగ్ గైక్వాడ్‌తో పరిచయమైంది. ఆ రోజుల్లో ప్రపంచంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడిగా ఆయన పేరు చెప్పేవారు. ఆయనకీ అప్పటికే పెళ్ళయి పిల్లలున్నారు. ఆ 1943లోనే సీతాదేవి ఇస్లాం స్వీకరించింది. దాంతో మొదటి పెళ్ళి రద్దయిందన్నారు. తర్వాత ఆర్యసమాజం ద్వారా మళ్ళీ హిందువై ప్రతాప్ సింగ్‌ని పెళ్ళి చేసుకుంది. 1945లో ఒక కొడుకు పుట్టాడు. యుద్ధం అయిపోయాక 1946లో మొనాకోలో పెద్ద భవంతి కొనుక్కుని యూరప్‌లో స్థిరపడింది. 1951లో భారత ప్రభుత్వం ప్రతాప్ సింగ్‌ని గద్దె దింపేసింది. 1956లో ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. ఆయన 1968లో లండన్‌లో పోయాడు. కొడుకు 1985లో తల్లికన్నా ముందే పోయాడు. ఆమె 1989 ఫిబ్రవరి 15న పారిస్‌లో కన్నుమూసింది.

ఇంతవరకే అయితే ఆదివారం అనుబంధంలో రంగుల బొమ్మలతో వేసుకునే కథ. నా దృష్టి మాత్రం 1943లోని ఆ కొద్ది నెలల దగ్గరే ఆగిపోతుంది. పెళ్ళయిన ఒక హిందూ స్త్రీ తన భర్తతో ఇక ఉండదలచుకోలేదు. అందుకోసం ఆమె మతం ఎందుకు మారాలి? నమ్మకం మారి మతం మార్చుకోలేదని వెంటనే వెనక్కి రావడమే చెబుతోంది. ప్లీడర్ల సలహా మీద మారింది. ఆ సలహా వాళ్ళు ఎందుకిచ్చారో తెలియాలంటే అప్పటి హిందూ చట్టం ఏమిటో చూడాలి.

మద్రాసు రాజధానిలో 1943 నాటికి హిందూ పురుషుడు ఎంతమందినైనా పెళ్ళి చేసుకోవచ్చు. మొదటి భార్యకు ఒక మాట చెప్పాల్సిన అవసరం కూడా లేదు. స్త్రీకి మాత్రం పెళ్ళి సంస్కారం, అంటే తెగనిది. భర్త కొట్టినా, వదిలేసి పోయినా, ఇంటికి ఇంకో భార్యను తెచ్చినా ఆమె అతని భార్యే. విడాకులనే మాటే హిందూ ధర్మశాస్త్రంలో లేదని కోర్టులు తేల్చేశాయి. ఒక్క మినహాయింపు ఉంది, అది మనం గుర్తుంచుకోవలసింది. ఏ కులంలోనైనా తెగతెంపులు ఆచారంగా ఉంటే దాన్ని కోర్టులు ఒప్పుకునేవి. మన జిల్లాల్లో పొలం పనులూ చేతి పనులూ చేసుకునే అనేక కులాల్లో కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు చేసుకోవడం ఉండేది. అందులోనూ కులపెద్దలందరూ మగవాళ్ళే, తప్పు కట్టడాలూ అవమానాలూ ఉండేవి, నేను దాన్ని బంగారం చెయ్యడం లేదు. కానీ దారి అనేది ఒకటి ఉండేది. పిఠాపురం కోటలో పుట్టిన అమ్మాయికి ఆ దారి కూడా లేదు. ఆ కోట పొలాల్లో నాట్లు వేసే స్త్రీకి ఉన్న వెసులుబాటు, ఆ పొలాల యజమాని కూతురికి లేదు. ఎం.ఎన్. శ్రీనివాస్ ‘సంస్కృతీకరణ’ అన్న ప్రక్రియ గురించి మేం సోషియాలజీ తరగతుల్లో చాలా చెప్పుకుంటాం. కులం మెట్టు ఎక్కినకొద్దీ ఆడవాళ్ళు పోగొట్టుకునేవాటిలో ఈ తెగతెంపుల హక్కు ఒకటని మాత్రం ఆ తరగతుల్లో పెద్దగా చెప్పుకోం.

ఇక మిగిలింది మతం తలుపు. క్రైస్తవంలోకి వెళ్ళిన మనిషిని భార్యో భర్తో వదిలేస్తే పెళ్ళి రద్దు చేసుకోవడానికి 1866 నుంచీ చట్టం ఉండేది. ఇస్లాంలోకి వెళ్తే అలాంటి రాసిన చట్టం లేదు. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం ముస్లిం అయిన భార్య, భర్తను కూడా ఇస్లాంలోకి రమ్మని అడగాలి, అతను కాదంటే ఆ పెళ్ళి తెగిపోతుందని వాదన. దీని మీద కోర్టులు ఒక్క మాట మీద లేవు. 1945లో అయేషా బీబీ కేసులో కలకత్తా హైకోర్టు ఈ వాదనను ఒప్పుకుంది. 1946లో రొబాసా ఖానుం కేసులో బొంబాయి హైకోర్టు కుదరదంది. ఒకరు మతం మారినంత మాత్రాన రెండోవారి నెత్తిన విడాకులు రుద్దడం న్యాయం కాదంది. సీతాదేవి ఈ రెండు తీర్పులకీ ముందే, ఎటు తిరుగుతుందో తెలియని ఆ సందులోంచి బయటపడింది. అలాంటి సందు వెతికి పెట్టే ప్లీడర్లనీ, అది మూసుకుపోకుండా చూసే పలుకుబడినీ ఎంతమంది ఆడవాళ్ళు కొనుక్కోగలిగేవారు?

ఇందులో ఇంకో మెలిక ఉంది. అదే కాలంలో ముస్లిం స్త్రీలు ఇదే పని ఎదురు దిక్కులో చేస్తూ వచ్చారు. భర్త విడాకులివ్వకుండా, పోషించకుండా వేలాడదీస్తే పంజాబులో ముస్లిం స్త్రీలు క్రైస్తవంలోకి మారేవారు, మతం వదిలితే పెళ్ళి దానంతటదే రద్దయ్యేది కాబట్టి. ఇది మతపెద్దల్ని కంగారు పెట్టింది. అప్పుడు వాళ్ళే మాలికీ ధర్మశాస్త్రంలోంచి విడాకుల కారణాలు వెతికి తీశారు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భార్య విడాకులు అడగడానికి కారణాలన్నీ వరసగా రాశారు, వాటితోపాటు మతం వదిలినంత మాత్రాన పెళ్ళి రద్దు కాదనీ రాశారు. ఒక తలుపు మూసి ఇంకో తలుపు తీశారన్నమాట. ఆడవాళ్ళు గుంపుగా వెళ్ళిపోవడం మొదలుపెడితేగాని తలుపు తీయాలన్న ఆలోచన రాలేదు. మన దగ్గర హిందూ స్త్రీలకు ఆ తలుపు తెరుచుకోవడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఉమ్మడి పౌరస్మృతి గురించి మాట్లాడుతూ ముస్లిం స్త్రీ ఎప్పుడూ వెనకబడే ఉందని తేల్చేసేవాళ్ళు 1939కీ 1949కీ మధ్య తేడా ఒకసారి లెక్క వేసుకోవాలి. హైదరాబాదులో నిజాం చిన్న కోడలు నీలోఫర్‌ని చూడండి. ఆమె ఒట్టోమాన్ సుల్తానుల ఇంటి ఆడపడుచు, 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నిజాం కొడుకు మొఅజ్జం జాతో పెళ్ళయింది, 1952లో విడాకులు తీసుకుంది, 1963లో ఇంకో పెళ్ళి చేసుకుంది. ఇందుకోసం ఆమె మతం మారనక్కర్లేకపోయింది.

ఇప్పుడు బరోడా వైపు చూద్దాం. ప్రతాప్ సింగ్ తాత సయాజీరావు సంస్కర్తగా పేరుపడిన రాజు. హిందువులకు విడాకుల చట్టం 1931లోనే బరోడాలో వచ్చింది. ఏకపత్నీ నియమం కూడా చట్టమయింది. సీతాదేవి బరోడాలో సామాన్యురాలిగా పుట్టి ఉంటే విడాకులకు కోర్టుకెళ్ళి ఉండేది. ప్రతాప్ సింగ్ బరోడాలో సామాన్యుడై ఉంటే రెండో పెళ్ళికి నేరస్థుడయ్యేవాడు. రెండో పెళ్ళి ఎలా చేసుకున్నావని బ్రిటిష్ ప్రభుత్వం నిలదీస్తే, ఆ చట్టం ప్రజలకేగాని రాజుకు కాదన్నాడాయన. ప్రభుత్వం ఒప్పుకుంది, రెండు షరతులు పెట్టింది. గద్దె మొదటి భార్య పెద్ద కొడుక్కే రావాలి, కొత్త రాణిని ‘యువర్ హైనెస్’ అని సంబోధించకూడదు. అంటే వాళ్ళ బెంగ వారసత్వం గురించి, బిరుదు గురించి. మొదటి భార్య శాంతాదేవి ఏమనుకుంటోందో అడగాలన్న ఆలోచన ఆ వ్యవహారంలో ఎక్కడా కనపడదు. ఎనిమిది మంది పిల్లల్ని కన్న మనిషి. ఏకపత్నీ చట్టం ఆమె కోసమే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ ఆ చట్టాన్ని అమలు చేయాల్సినవాడే ఆమె మొగుడు. సీతాదేవి స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు శాంతాదేవిని పక్కన పెట్టేస్తే మన విశ్లేషణ సగమే అవుతుంది. ఒక స్త్రీ బయటపడిన దారి ఇంకో స్త్రీ ఇంట్లోంచి పోయింది. మీ దగ్గరికొచ్చే ‘రెండో భార్య’ కేసుల్లో ఈ ముడి మీకు రోజూ తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. రాజమండ్రిలో ఈ మాట చెప్పకుండా వెళ్ళలేను. 1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు ఈ ఊళ్ళోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ సంస్కరణ సంప్రదాయమే కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి చేతుల్లోకొచ్చింది. ఆయన పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాల్, రాజావారికి గురువు. సీతాదేవి తండ్రి సూర్యారావు గారు బ్రహ్మసమాజానికి అండగా నిలబడ్డారు, అనాథ శరణాలయం పెట్టారు, ఆడపిల్లల చదువుకు డబ్బిచ్చారు, సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పేరూ ధనమూ ఇచ్చారు. కరడుగట్టిన ఛాందసుల ఇంట్లో పుట్టిన పిల్ల కాదు ఆమె. అప్పటి ఆంధ్రదేశంలో అంతకన్నా ఉదారమైన రాచకుటుంబం చూపించడం కష్టం.

అయినా ఆ సంస్కరణలో ఆమెకు చోటు లేకపోయింది. వీరేశలింగం గారి ఉద్యమంలో మనకు కనిపించే స్త్రీ బాలవితంతువు. ఏ పాపం ఎరగదు, మొగుడి మొహం కూడా చూసి ఉండదు. ఆమె మీద జాలిపడటం సులువు. రఘుపతి వెంకటరత్నం గారి ఉద్యమం పేరే శీల సంస్కరణ. భోగం మేళాలకు వ్యతిరేకంగా ఆయన ఎంత పోరాడారో మీకు తెలుసు. ఆ చట్రంలో బాధితురాలైన స్త్రీ ఉంది, పవిత్రురాలైన స్త్రీ ఉంది, ఉద్ధరించాల్సిన పతిత ఉంది. భర్త బతికుండగా, పిల్లలుండగా, నాకు ఇంకో మనిషి కావాలి అనే స్త్రీకి అందులో పేరే లేదు. అక్కడే, కాకినాడ కాలేజీలోనే, వెంకటరత్నం గారి ప్రభావంలో చదువుకున్న చలం 1927లో ‘మైదానం’ రాశాడు, ఆ స్త్రీకి ఒక పేరు పెట్టాడు. అది నవల. నిజజీవితంలో ఆ పని చేసిన సీతాదేవిని చలం అభిమానులు కూడా తమ మనిషి అనుకోలేదు, డబ్బున్నది కావడం ఒక కారణం కావచ్చు.

ఇదే నేల మీద ఇంకో స్త్రీ పెళ్ళిలోంచి నడిచి బయటికి వచ్చింది. దుర్గాబాయమ్మ. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పదిహేనో ఏట ఈ కాపురం నాకొద్దంది. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, అతనికి చట్టం అడ్డు లేదు. ఆమె కాంగ్రెసులోకీ, చదువులోకీ, జైలుకీ వెళ్ళింది. చట్టం ప్రకారం ఆమె అతని భార్యే, అతను బతికున్నంత కాలం. రాజ్యాంగ సభలో కూర్చుని హిందూ కోడ్ బిల్లు కోసం పట్టుబట్టినవారిలో ఆమె ఒకరు. 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్‌ని పెళ్ళాడింది. మీరు తిరిగే ఫ్యామిలీ కోర్టుల ఆలోచనను ఈ దేశంలో మొదట గట్టిగా ముందుకు తెచ్చింది కూడా ఆవిడే. దుర్గాబాయమ్మ బయటికొచ్చి చాలా ఏళ్ళు ఒంటరిగా ఉంది కాబట్టి సమాజం ఆమెను గౌరవించింది. సీతాదేవి బయటికొచ్చి మగవాడి దగ్గరికి వెళ్ళింది. మన గౌరవం ఏ షరతు మీద దొరుకుతుందో ఆలోచించండి.

వాలిస్ సింప్సన్ పోలిక ఎంత తప్పో కూడా ఒక మాట చెప్పాలి. వాలిస్ 1927లో ఒకసారి, 1936లో ఒకసారి కోర్టుకెళ్ళి విడాకులు తెచ్చుకుంది. ఆమెను పెళ్ళాడటానికి ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ప్రతాప్ సింగ్ ఏమీ వదులుకోలేదు. మతం వదిలిందీ, పిల్లలకు దూరమైందీ, పేరు పోగొట్టుకుందీ సీతాదేవే.

నిజానికి ఆమెతో పోల్చదగిన మనిషి ఇంకొకరున్నారు. అమెరికా రైల్వేల కుబేరుల ఇంటి కూతురు కాన్సువేలో వాండర్‌బిల్ట్. 1895లో పద్దెనిమిదేళ్ళ పిల్లని తల్లి ఆల్వా బలవంతాన ఇంగ్లండులో మార్ల్‌బరో డ్యూక్‌కిచ్చి పెళ్ళి చేసింది. రాజు తర్వాత అంతటి హోదా. కట్నం ఇరవై అయిదు లక్షల డాలర్ల రైల్వే షేర్లు. డ్యూక్ గారి బ్లెన్‌హైం భవంతి మరమ్మతులు ఆ డబ్బుతోనే సాగాయి. కట్నం మన దేశపు జబ్బు అనుకునేవాళ్ళు ఈ లెక్క చూడాలి. 1906లో విడిపోయారు, 1921లో విడాకులు, 1926లో చర్చి ఆ పెళ్ళి చెల్లదంది. ఎలా చెల్లదన్నారు? పెళ్ళికి నేనే నా కూతుర్ని బలవంతపెట్టానని తల్లి సాక్ష్యమిచ్చింది. ఆ తల్లి అప్పటికి అమెరికాలో స్త్రీల ఓటు హక్కు ఉద్యమానికి పెద్ద నాయకురాలు, ఆల్వా బెల్మాంట్. మన ఉద్యమాల చరిత్రలో ఇలాంటి తల్లులు కూడా ఉన్నారు.

ఇక నగలు. సీతాదేవి అనగానే నగలే గుర్తొస్తాయి. బరోడా ఖజానాలోని ఏడు పేటల ముత్యాల హారం, ‘స్టార్ ఆఫ్ ది సౌత్’ వజ్రం, లక్షల ముత్యాలతో అల్లిన తివాచీ. చాలావరకు మొనాకో చేరాయి. 1953లో ఆమె అమ్మిన రత్నాల కాలి అందెల్ని న్యూయార్క్ వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ హారంగా మార్చి వాలిస్ సింప్సన్‌కే అమ్మాడు. 1957లో న్యూయార్క్‌లో ఒక విందులో అందరూ ఆ హారాన్ని పొగుడుతుంటే, ఇవి నా కాళ్ళకి కూడా బాగానే ఉండేవి అని సీతాదేవి అందని చెప్పుకుంటారు. మంచి మాటే. కానీ మనం నవ్వేసి ఊరుకోకుండా, ఈ మనిషి నగల్ని ఎందుకంత పట్టుకు వేలాడిందని అడగాలి.

పత్రికలు ఆమెను వారసురాలని రాశాయి. దేనికి వారసురాలు? పిఠాపురం విభజన లేని జమీ. ఒక్క మగవాడికే పోతుంది. ఈ జమీ మీదే రెండు ప్రీవీ కౌన్సిల్ తీర్పులున్నాయి, న్యాయశాస్త్రం చదివినవాళ్ళకి ‘పిఠాపురం కేసులు’ అంటే తెలుస్తుంది. 1899 నాటి కేసులో సీతాదేవి తండ్రి ఇంకా మైనరు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సంరక్షణలో ఉన్నాడు. ఎదురుపక్షం దత్తపుత్రుడు. జమీందారు తన జమీని ఇష్టమైనవారికి వీలునామా రాసుకోవచ్చని తీర్పొచ్చింది. 1918లో వచ్చిన తీర్పులో, ఆ వంశంలో పుట్టినంత మాత్రాన జమీ నుంచి మనోవర్తి హక్కుగా అడగడానికి లేదన్నారు. అది అడిగినవాడు మగవాడు! ఇక ఆడపిల్ల మాటేమిటి? రాజావారి కూతురికి వచ్చేది పుట్టింటి వాళ్ళు పెట్టిపంపినది. అందులో ఆమెది అని ఖాయంగా చెప్పగలిగింది స్త్రీధనం, అంటే ఎక్కువగా ఒంటి మీద నగలు. తీసుకుని బయటికి నడవగలిగిన ఆస్తి అదొక్కటే. ఊళ్ళు, భూములు, శిస్తులు, భవంతులు అన్నీ మగవాళ్ళ పేరన ఉన్న లోకంలో పెరిగిన మనిషికి, ఆస్తి అంటే పెట్టెలో పెట్టుకుని ఓడ ఎక్కించగలిగేదే అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇది ఆమెను వెనకేసుకు రావడం కాదు. బరోడా నగలు ఆమె స్త్రీధనం కాదు, ప్రతాప్ సింగ్ సొంతమూ కాదు. ఆయన ఖజానాలోంచి వడ్డీ లేకుండా పెద్ద మొత్తాలు అప్పు తీసుకున్నట్టు ఆడిటర్లు పట్టుకున్నారు. 1951లో గద్దె పోవడానికి దారి తీసిన కారణాల్లో అదొకటి. ఆ డబ్బు గుజరాతు రైతుది. పిఠాపురం వైభవం వెనక మన రైతుల శిస్తు ఉంది. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చేదాకా ఈ జిల్లాల్లో రైతాంగం ఎంత పోరాడిందో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. స్త్రీగా ఆమెకు హక్కు లేకపోవడమూ నిజమే, వర్గంగా ఆమె అనుభవించింది ఇతరుల చెమట అన్నదీ నిజమే. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమని మనల్ని ఎవరూ ఒత్తిడి చెయ్యకూడదు.

చివరికి నగలూ నిలవలేదు. ఒక్కొక్కటే అమ్ముకుంటూ వచ్చింది. బరోడా ముత్యాల హారంలో మిగిలిన రెండు పేటలు 2007లో న్యూయార్క్ వేలంలో డెబ్భై లక్షల డాలర్లు దాటి పలికాయి. ముత్యాల తివాచీ 2009లో దోహాలో సుమారు యాభై అయిదు లక్షల డాలర్లకు పోయింది. ఆమె అప్పటికి చనిపోయి ఇరవై ఏళ్ళు.

మరి మనకేం మారింది? మద్రాసు రాష్ట్రం 1949లో హిందువులకు బహుభార్యాత్వ నిషేధం, విడాకులు కలిపి ఒక చట్టం చేసింది. అప్పుడు మనమూ ఆ రాష్ట్రంలోనే ఉన్నాం. 1955లో హిందూ వివాహ చట్టం దేశమంతటికీ వచ్చింది. 1976లో పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి. మతం మారితే పెళ్ళి దానంతటదే రద్దు కాదు, రెండోవారికి విడాకులు కోరడానికి ఒక కారణం అవుతుంది, అంతే. సీతాదేవి దూరిన సందు మూసేశారు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత ఆ సందులో మగవాళ్ళు దూరడం మొదలుపెట్టారు. భార్య నుంచి బయటపడటానికి కాదు, మొదటి భార్య ఉండగానే రెండో పెళ్ళి చేసుకోవడానికి ముస్లింలమయ్యామన్నారు. 1995లో సరళా ముద్గల్ కేసులో అది నేరమేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2000లో లిలీ థామస్ కేసులో మళ్ళీ చెప్పింది.

ఆస్తి విషయం ఇంకా మెల్లిగా నడిచింది. మన రాష్ట్రంలో 1985 నుంచి అవివాహిత కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేశారు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. 2020లో వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు కూతురిదే అని సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం మీద ఇంత వచ్చింది. కానీ డెల్టాలో పెళ్ళప్పుడు ‘పసుపు కుంకుమ కింద’ ఇచ్చామన్న ఎకరం ఎవరి పేరన రిజిస్టరైంది? పాస్ పుస్తకం ఎవరి దగ్గరుంది? అన్నదమ్ములు ‘నీకు పెళ్ళికి పెట్టేశాం కదమ్మా’ అని హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకున్న రోజు ఆమెకు ఎవరైనా చదివి వినిపించారా? మీ దగ్గరకొచ్చిన మనిషిని మొదటిరోజు ఏం కొట్టాడు, ఎప్పుడు కొట్టాడు అని అడుగుతాం, అడగాలి కూడా. దాంతోపాటు నగలు ఎవరి బీరువాలో ఉన్నాయి, లాకరు ఎవరి పేరన ఉంది అని కూడా అడగండి. భార్య స్త్రీధనాన్ని తిరిగివ్వకపోతే అది నమ్మకద్రోహ నేరమని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన కేసు ఫైళ్ళలో ఆ జాబితా చాలాసార్లు ఖాళీగా ఉంటుంది.

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఈ విషయం ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు అడుగుతారు, “మరి పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్ళిందండీ?” అని. అడగండి, తప్పు లేదు. అయితే 1943లో ఆ పిల్లల్ని తీసుకెళ్తానన్నా ఏ చట్టం ఆమెకిచ్చేది? తండ్రే సహజ సంరక్షకుడు. 1956 చట్టంలోనూ తండ్రి మొదట, ‘తర్వాత’ తల్లి అని రాశారు. ఆ ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాక మాత్రమే కాదని సుప్రీంకోర్టు చెప్పడానికి 1999లో గీతా హరిహరన్ కేసు రావాల్సి వచ్చింది. తల్లి బయటికి నడిస్తే పిల్లలు ఇక్కడే అని ముందే రాసిపెట్టి, ఆమె నడిచాక, వదిలేసింది అంటాం. అప్పారావు గారు తర్వాత శాసనసభకు వెళ్ళారు, మంత్రి అయ్యారు, ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ పెళ్ళి ఆయన జీవితంలో ఒక వాక్యం, అలా ఉండటమే సబబు కూడా. ఆమెకు మాత్రం జీవితమంతా ఆ ఒక్క వాక్యమే అయింది. ఇక ప్రతాప్ సింగ్‌కి శాంతాదేవి వల్ల కలిగిన సంతానం ఎనిమిది మంది అని ఇందాక చెప్పాను. వాళ్ళ గురించి ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.